సామర్లకోట, కాకినాడ సీమలో ప్రార్థనా మందిరముల చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



సామర్లకోట పేరు వినగానే ఎవరికైనను ముందుగా స్ఫురించునది కుమారారామ భీమేశ్వరాలయము. పంచారామములలో ఒకటియైన ఆ దేవాలయము చాళుక్య భీముని కాలము నాటిదని ప్రసిద్ధి. దాని చరిత్రను చెప్పుటకు రాళ్లు ఉన్నవి, రాళ్ల మీద శాసనములు ఉన్నవి. చదువ నేర్చినవాడు వెళ్లి చదువుకొనవచ్చును.

ఇదే పట్టణమునందును, దీనికి కూతవేటు దూరమున నున్న పల్లెలయందును, సముద్రపు టొడ్డున నున్న కాకినాడ యందును మఱియొక రకమైన ప్రార్థనా స్థలములు కలవు. అవి చిన్నవి. వాటిలో పెక్కింటికి శిలాశాసనములు లేవు. మొదట మట్టిగోడలతో, తాటాకు కప్పుతో లేచి, గాలివానకు కూలి, మరల లేచి, పిమ్మట పెంకుటిండ్లుగను, నేడు సిమెంటు కట్టడములుగను మారినవి. వాటి చరిత్ర రాళ్ల మీద గాక కాగితముల మీద ఉన్నది. కాగితమును చెద తినును; వాన తడుపును; ఇల్లు మారినప్పుడు పనికిరానిదని పారవేయుదురు. కాగితమును కాపాడుటకే పుట్టిన సంస్థ గ్రంథాలయము గనుక, గ్రంథాలయపు పండుగనాడు ఈ మందిరముల కథ చెప్పుకొనుట సందర్భోచితము. ఇది మతబోధ కాదు. ఒక సీమలోని సామాన్య జనుల చరిత్ర.

ముందుగా ఒక మాట. చర్చి యనినను ప్రార్థనా మందిర మనినను ఇచటి వాడుకలో ఒకటే. ఇంగ్లండు దేశమున మాత్రము ఆ రెండింటికిని భేద ముండెడిది. రాజు అండగల సంఘమునకు చెందిన కట్టడము చర్చి. ఆ సంఘమును విడిచి వేరుగా కూడుకొన్న వారి కట్టడము చాపెలు. పదునేడవ శతాబ్దమున బాప్టిస్టులు, పదునెనిమిదవ శతాబ్దమున జాన్ వెస్లీ బోధవలన మెథడిస్టులు, పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగమున బ్రదరన్ అను సహోదరులు ఇట్లు వేరుపడిన వారే. అచటి గనుల పల్లెలలోను, నేతపనివారి వీధులలోను, చేపలు పట్టువారి రేవులలోను వీరి చాపెళ్లు వెలసినవి. వాటిలో ఆడంబరము తక్కువ. నాలుగు గోడలు, వరుస బల్లలు, ఎదుట ఒక వేదిక, దాని మీద తెరచిన పుస్తకము. ఆ పుస్తకమును ప్రతివాడును తానుగా చదువుకొనవలె ననునది వారందఱికిని సమానమైన పట్టుదల. ఈ పట్టుదలయే గోదావరి సీమకు వచ్చినప్పుడు ఇచట ఊహింపరాని మార్పును తెచ్చినది.

తెలుగుదేశమున మెథడిస్టులు ప్రధానముగా నైజాము రాజ్యమున పనిచేసిరి. 1914లో మొదలై 1924లో ముగిసిన మెదకు మహాదేవాలయము వారి కృషికి గుర్తు. దానిని కట్టించినది చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మెథడిస్టు మిషనరీ. కాకినాడ, సామర్లకోట, తుని ప్రాంతములలో మాత్రము చాపెలు సంప్రదాయమును తెచ్చి నాటినవారు బాప్టిస్టులు. గోదావరి డెల్టా దక్షిణ భాగమున వారి కంటె ముందుగా వచ్చినవారు బ్రదరన్ సహోదరులు.

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్సు అను ఆయన వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపిల్ పట్టణమునుండి ఇద్దరు యువకులు భార్యలతో బయలుదేరి తెలుగుదేశమునకు వచ్చిరి. ఒకరు విలియం బౌడెన్, రెండవవారు జార్జి బీర్. వారు గొప్ప చదువులు చదివినవారు కారు. చేతిపనులు చేసి బ్రదికిన కుటుంబముల వారు. నెలజీత మిచ్చు సంఘ మేదియు వారి వెనుక లేదు. మొదట మచిలీపట్టణమునందు తెలుగు నేర్చి, పిదప నరసాపురము, పాలకొల్లులలో కాపురము పెట్టిరి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరము వద్ద ఆర్థరు కాటను దొర ఆనకట్ట కట్టించుచున్నప్పుడు వేలకొలది కూలీలు అచట చేరిరి. బౌడెన్ ఆ కూలీల నడుమ బోధించెను. ఆనకట్ట పని ముగిసి కూలీలు తమ తమ ఊళ్లకు మరలినప్పుడు, ఆ మాటలును వారితో పల్లెలకు పోయినవి. గోదావరి డెల్టా మిషను అను పేరు తరువాత నిలిచినది. రాజమహేంద్రవరమునందు 1840ల నడుమ జర్మను లూథరన్ మిషనరీలు పని ప్రారంభించిరి. కొలదికాలములోనే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చెను. లూథరన్ల పద్ధతి వేఱు. అది చాపెలు సంప్రదాయము కాదు. కాని తరువాతి కథలో వారి పేరు ఒకచోట వచ్చును.

ఇక కాకినాడ. ఈనాడు అది మహానగరముతో తులతూగు పట్టణము. 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లాకు ముఖ్యస్థానము. రెండువందల యేండ్ల క్రిందట అది చిన్న రేవు. ప్రక్కనున్న జగన్నాథపురము డచ్చివారి స్థావరముగా ఉండి 1825లో ఇంగ్లీషువారి వశమయ్యెను. పూర్వము పేరుపొందిన కోరంగి రేవు 1839 నాటి ఉప్పెన దెబ్బతిని, ఇసుక మేటలు వేసి క్షీణించుచుండగా కాకినాడ పైకివచ్చెను. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచే ఆ దేశపు ప్రత్తి ఇంగ్లండుకు పోవుట తగ్గిపోయెను. ఆ లోటు పూరించుటకు ఈ రేవునుండి ప్రత్తి ఎగుమతి హెచ్చెను. ఓడలతో వర్తకులు వచ్చిరి. వర్తకులతో తంతి కార్యాలయము వచ్చెను. తంతి శాఖలో పనిచేయు ఒక తెలుగువాని వలన ఈ సీమలో మొదటి బాప్టిస్టు సంఘము పుట్టెను.

అతని పేరు తామస్ గాబ్రియేలు. ఈ చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు ఇదియే. మందిరముల మాట వచ్చినప్పుడు దొరల పేర్లు చెప్పుట అలవాటు. పాఠశాలలకు వారి పేర్లే ఉన్నవి. కాని దొరలు రాకముందే కాకినాడలో తెలుగు బాప్టిస్టులు కూడుకొనుచుండిరి. గాబ్రియేలు మాలకులమున పుట్టినవాడు. తొలుత లూథరన్ సంఘములో చేరి, చదువుకొని, తంతి శాఖలో సర్కారు ఉద్యోగము సంపాదించెను. ఆ కాలమున అతని కులమువానికి అది ఎంతటి ఎత్తో ఈనాడు ఊహించుట కష్టము. ఊరి నడుమ నడచుటకు జంకవలసిన వంశమునుండి వచ్చినవాడు, తీగ మీద పరుగెత్తు వార్తను విని వ్రాయు పనిలో కూర్చుండెను. మద్రాసులో బాప్టిస్టుల పరిచయము కలిగి ఆ మతమును అవలంబించి, కాకినాడలో బోధ ప్రారంభించెను. కొన్నాళ్లకు ఆ ఉద్యోగమును కూడ వదలివేసెను. 1870 ప్రాంతమున అతని చుట్టును ఒక చిన్న సంఘము ఏర్పడెను.

జీతము పోయినది. సంఘము పేదది. తోడి బోధకులను పోషింపవలెను. గాబ్రియేలు అప్పులపాలయ్యెను. మద్రాసులోని మిత్రులవలన చాలినంత సహాయము రాలేదు. అప్పు డతడు ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టు మిషనులో పనిచేయుచున్న జాన్ మెక్లారిన్ అను కెనడా దేశస్థునకు తన సంఘమును చేపట్టుమని విన్నపము చేసెను. మెక్లారిన్ ఆ మాటను తన దేశమునకు వ్రాసెను. అంతవఱకు కెనడా బాప్టిస్టులు అమెరికను సంఘమునకు తోడ్పడుటయే గాని తమదని చెప్పుకొన దగిన మిషనును నడపలేదు. గాబ్రియేలు పిలుపు వారికి కారణమయ్యెను. 1874 మార్చి 12వ తేదీన మెక్లారిన్ కుటుంబము కాకినాడ చేరెను. కెనడా బాప్టిస్టు మిషను చరిత్ర ఆ తేదీతో మొదలగును.

తామస్ గాబ్రియేలు ఆ పిమ్మట ఏడాదియైన బ్రదుకలేదు. 1875 జనవరి 1వ తేదీన మరణించెను. తాను నాటిన మొక్క పెరుగుటను చూచు భాగ్యము అతనికి లేకపోయెను. ఊరిలోని కట్టడముల మీద అతని పేరు వెదకినచో దొరలకు దొరకినంత స్థలము దొరకదు. కాని ఈ సీమలోని బాప్టిస్టు మందిరము లన్నింటికిని మొదటి పునాదిరాయి సముద్రము దాటి వచ్చినది కాదు.

మెక్లారినుకు తోడల్లుడు అమెరికస్ వెస్పూషియస్ టింపనీ. వారిద్దరి భార్యలు అక్కచెల్లెండ్రు. టింపనీ 1878లో కాకినాడకు వచ్చి, 1885లో ఇచటనే కలరా సోకి మరణించెను. అతని పేరు మీద కాకినాడలో పాఠశాల వెలసెను. మెక్లారిన్ పేర ఉన్నత పాఠశాల వెలసెను. 1878లో తునిలో కరీ దొర, 1880లో ఆకివీడులో జాన్ క్రెయిగ్ దొర స్థావరములు పెట్టిరి. ఉత్తరమున కెనడా సముద్రతీర రాష్ట్రముల బాప్టిస్టులు వేఱుగా వచ్చి, 1875 మొదలుకొని భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతములలో పనిచేసిరి. భీమునిపట్టణమును సముద్రపు టొడ్డున నున్న చిన్న రేవే. కాకినాడ మొదలు భీమిలి వఱకు సముద్రము ప్రక్కనే ఈ మందిరముల వరుస సాగుటకు కారణము సులువుగా గ్రహింపవచ్చును. రైలు లేని రోజులలో రేవు పట్టణములే ఈ సీమకు వాకిళ్లు.

రేవు వాకిలి యైనచో సామర్లకోట నడుమ గది. ధవళేశ్వరమునుండి వచ్చు కాలువ సామర్లకోట మీదుగా కాకినాడకు పోవును. ఆ రోజులలో పడవ ప్రయాణమే ప్రయాణము. ధాన్యము పడవలలోనే పోయెడిది. కొత్త పెండ్లికూతురు పడవలోనే అత్తవారింటికి పోయెడిది. మిషనరీలు కూడ వంటయు నిద్రయు పడవలోనే సాగించుచు, కాలువ గట్టు మీది పల్లెలలో దిగి బోధించుచు తిరిగెడివారు. సామర్లకోట పూర్వము సైనికుల స్థావరము. 1879లో రంప పితూరీ జరిగినప్పుడు మరల అచట పటాలమును నిలిపిరి. నీరు, నీడ, గాలి గల చోటు. 1882లో మెక్లారిన్ దొర అచట వేదాంత విద్యాలయమును ప్రారంభించెను. పల్లె మందిరములకు బోధకులను, ఉపాధ్యాయులను తయారుచేయుట దాని పని. 1893లో రైలుమార్గము వచ్చి, 1900లో గోదావరి మీద వంతెన ముగిసి, సామర్లకోట నుండి కాకినాడకు శాఖామార్గము చీలుటచే ఆ పట్టణము కూడలి యయ్యెను. కూడలిలో చదివినవాడు ఏ దిక్కునకైనను పోగలడు.

ఆ విద్యాలయమునకు వచ్చినవారు ఎవరు? పాలేరు కొడుకులు, తోలుపని చేయువారి కొడుకులు, వారితో కూడ వారి భార్యలు. భర్త పుస్తకము చదువుచుండగా భార్య అక్షరములు దిద్దెడిది. చదువు ముగించి ఆ దంపతులు ఏదో యొక పల్లెకు పోయెడివారు. ఆ పల్లెలో మందిర మింకను ఉండదు. మొదటి ఆదివారము వేపచెట్టు నీడయే మందిరము. తరువాత పేటవారు మన్ను త్రొక్కి గోడలు లేపెడివారు. తాటిదూలములు ఒకరు తెచ్చిన, ఆకు మఱియొకరు కొట్టి తెచ్చెడివారు. ఆడువారు పేడ తెచ్చి అలికెడివారు. నేలమీద చాపలు. ఒక లాంతరు. గోడకు నల్లబల్ల.

నల్లబల్ల ఎందుకనగా, ఆ మందిరము ఆదివారమునందు మాత్రమే మందిరము. తక్కిన ఆరు దినములును బడి. బోధకుడే పంతులు. కూలికి పోవు పిల్లలు పగలు రాలేరు గనుక రాత్రి బడి కూడ నడచెడిది. ఊరిబడి గుమ్మము కూడ త్రొక్కనీయని కాలమున, పలక పట్టుకొనుటకు ఆ పిల్లలకు దొరకిన చోటు ఆ పూరిపాక. సంఘములో చేరగోరినవారు వాక్యము చదువ నేర్వవలె ననుట మిషనరీల కోరిక. దానితో ముసలివారు సైతము మనుమల ప్రక్క కూర్చుండి అ ఆలు దిద్దిరి. బైబిలు స్త్రీలని పిలువబడిన తెలుగు ఉపదేశినులు ఇంటింటికి పోయి చదివి వినిపించెడివారు. ఘోషాలో నున్న ఇండ్ల ఆడువారికి కూడ వారి వలన పుస్తకము చేరెడిది. కాకినాడ నుండి మిషనువారు 'రవి' అను వారపత్రికను నడిపిరి. అది పల్లెలకు పోయినప్పుడు చదువ వచ్చిన ఒకడు చదువగా పదిమంది వినెడివారు. ఈనాడు పల్లె గ్రంథాలయమున దినపత్రిక చుట్టును మూగు జనమును చూచిన వారికి ఆ దృశ్యము తెలియనిది కాదు.

చదువుతోపాటు ఆ మందిరములలో మఱియొకటి కూడ అలవడెను. దానిని గూర్చి ఎవరును అంతగా చెప్పలేదు. బాప్టిస్టుల పద్ధతిలో సంఘమునకు పైన అధికారి లేడు. సభ్యులే సంఘము. ఎవరిని చేర్చుకొనవలెను, ఎవరిని కొంతకాలము దూరముంచవలెను, అయ్యగారిని పిలువవలెనా, జీత మెంత యియ్యవలెను, గోడ కట్టవలెనా, కప్పు వేయవలెనా అను విషయము లన్నియు సభ్యుల సభలో తీర్మానింపబడవలెను. తీర్మానమునకు చేతు లెత్తుదురు. దానిని పుస్తకమున వ్రాయుదురు. పంచాయితీలో దూరముగా నేలమీద కూర్చుండి పెద్దల తీర్పును వినుటయే తెలిసిన మనిషి, ఆ పాకలో చేయెత్తి తన అభిప్రాయమును తెలిపెను. భారతదేశమున వయోజను లందఱును ఓటు వేసిన మొదటి సార్వత్రిక ఎన్నిక 1951-52లో జరిగెను. అంతకు డెబ్బది యేండ్ల ముందే ఈ కాలువ గట్ల మీది పూరిపాకలలో కొందఱు పేదలు చేయెత్తి లెక్కపెట్టుకొనుట నేర్చిరి. లెక్కపెట్టినది పదునైదు చేతులే కావచ్చును. కాని ఆ పదునైదింటిలో దొర చేయి ఒకటి, పాలేరు చేయి ఒకటి.

నిజమునకు దొర మాటకు ఎదురు చెప్పుట సులువు కాదు. జీతము లాయన చేతిలోనివి. అయినను పద్ధతి పద్ధతియే. పుస్తకములో వ్రాసిన తీర్మానము నిలుచును.

బాప్టిస్టుల మఱియొక ఆచారము నీటిలో ముంచి బాప్తిస్మ మిచ్చుట. శిశువుల కీయరు, తెలిసి ఒప్పుకొన్నవారికే యిత్తురు. గోదావరి సీమలో నీటికి కొదువ లేదు. కాటను దొర త్రవ్వించిన కాలువలే వారికి పుణ్యతీర్థము లైనవి. గట్టు మీద ఊరివారు నిలిచి చూచుచుండగా, మొలలోతు నీటిలో దిగినవాడు తన కొత్త పేరును అందఱును వినునట్లు చెప్పెడివాడు. ఆ పేరును వెంటనే సంఘ పుస్తకమున ఎక్కించెడివారు. తాత పేరు తెలియని వంశములకు వ్రాతమూలముగా దొరకిన మొదటి పేరు అదియే.

పాట లేని మందిరము లేదు. ఇంగ్లీషు రాగములకు కట్టిన తెలుగు మాటలు పల్లెవారి నోట పలుకలేదు. పలికినవి కీర్తనలు. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, 1833లో క్రైస్తవుడై, బాప్టిస్టు బోధకుడుగా జీవించి, 1890లో మరణించిన పురుషోత్తమ చౌధరి వంటి కవులు రాగతాళములతో కీర్తనలు వ్రాసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచినచో కీర్తన నెత్తిన రాగము పేరు, తాళము పేరు కనబడును. సంగీతము నేర్చుకొను అవకాశమే లేని పేటలలో తాళములు, డోలక్కు పట్టుకొని ఆదితాళమును తప్పక వేయువారు ఈ విధముగా తయారైరి. పంట చేతికి వచ్చినప్పుడు కోత పండుగ చేసెడివారు. డబ్బు లేనివారు ధాన్యము, గ్రుడ్లు, గుమ్మడికాయలు తెచ్చి వేదిక ముందు పెట్టెడివారు. ఇంటి యిల్లాలు వంటకు బియ్యము తీయునప్పుడు పిడికెడు వేఱుగా కుండలో వేసి, వారము చివర మందిరమునకు తెచ్చెడిది. పెక్కు మందిరముల కప్పు ఆ పిడికెడు బియ్యముతోనే నిలిచినది.

చరిత్ర చెప్పువారు మంచినే చెప్పి ఊరకుండరాదు. ఈ మందిరములకు లోపములును ఉన్నవి. కులమును విడిచితిమని చెప్పిన చోటనే కులము వెంటవచ్చెను. మాలపేటలో ఒక మందిరము, మాదిగపేటలో ఒక మందిరము వేఱువేఱుగా నిలిచి, ఒకరి బల్ల మీద ఒకరు రొట్టె విరువని ఊళ్లు ఉండెడివి. మందిరములు పేటలలోనే కట్టబడుటచే తక్కిన ఊరు వాటి వైపు చూడలేదు. పేటయు ఊరి వైపు చూచుట తగ్గెను. పురాణకాలక్షేపములు, జాతర పాటలు, తోలుబొమ్మలు అన్నియు విడువవలసినవే యని బోధించుటచే పాత కళలు కొన్ని మూలబడెను. కెనడానుండి వచ్చు డబ్బునకు అలవాటుపడి, తమ కాళ్లమీద నిలుచుటకు కొన్ని సంఘములు చాల కాలము తీసికొనెను.

1947 సెప్టెంబరు 27వ తేదీన ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు కలిసి దక్షిణ భారత సంఘముగా ఏర్పడెను. మెదకు వైపు మెథడిస్టు మందిరములు అందులో కలిసినవి. బాప్టిస్టులు కలియలేదు. ప్రతి సంఘమును తన తీర్మానము తానే చేసికొనవలె నను పాత పట్టుదల అందుకు ఒక కారణము. స్వాతంత్ర్యము వచ్చిన పిదప కెనడా మిషను బాధ్యతలు క్రమముగా ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘముల సమాజమునకు అప్పగింపబడెను. బోధకుల విద్యకును మార్పు వచ్చెను. 1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల స్థాపింపబడినప్పుడు, కాకినాడ బాప్టిస్టు విద్యాలయము అందులో చేరెను. ఒకప్పుడు వేఱుగా నడచిన లూథరన్లును బాప్టిస్టులును అచట ఒకే కప్పు క్రింద కూర్చుండి చదివిరి. పిమ్మట ఆ కళాశాల హైదరాబాదునకు తరలిపోయెను. సామర్లకోటలో 1882లో వెలిగించిన దీపము ఈ విధముగా చేతులు మారినది.

ఇప్పుడు మందిరములకు మార్బులు నేల, మైకులు, విద్యుద్దీపములు వచ్చినవి. పూరిపాకను పడగొట్టి మేడ కట్టినప్పుడు ఎవరును ఏడువరు, ఏడువ నక్కరలేదు. ఎండకు వానకు ఓర్చినవారికి మంచి కప్పు దొరకుట సంతోషమే. కాని పాతపాకతో పాటు దాని చూరులో దోపిన పుస్తకములు కూడ పోవుచున్నవి. బాప్తిస్మముల పట్టిక, వివాహముల పట్టిక, సమాధుల పట్టిక, సభ తీర్మానముల పుస్తకము, పిడికెడు బియ్యపు లెక్క, రాత్రిబడి హాజరుపట్టిక. ఇవి చూచుటకు సామాన్యమైనవి. కాని జమీందారుల దస్తావేజులలో కూలివాని పేరు ఉండదు. కరణము లెక్కలలో భూమి గలవాని పేరే ఉండును. ఆలయ శాసనములలో దాత పేరుండును. రాయి మోసినవాని పేరుండదు. వందయేండ్ల క్రిందటి పాలేరు పేరు, అతని భార్య పేరు, వారి బిడ్డ ఏ దినమున పుట్టి ఏ దినమున కలరాలో పోయెనో వ్రాసియున్న పుస్తకము ఈ సీమలో ఎచట నైన ఉన్నచో అది ఇట్టి మందిరపు పెట్టెలోనే ఉండును.

గ్రంథాలయోద్యమమున ఆంధ్రుల కీర్తి సామాన్యమైనది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలి మహాసభ జరిపిరి. 1935లో పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువ గట్టు పల్లెలకు పంపిరి. పడవ మీద పుస్తకము పల్లెకు చేరుట గోదావరి కాలువలు అంతకుముందే ఎఱిగిన విషయము. ఒకరు మతము కొరకు తెచ్చిరి. ఒకరు దేశము కొరకు తెచ్చిరి. గట్టు మీద నిలిచి చేయి చాచినవాడు మాత్రము ఒకడే.

కనుక ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయ కార్యవర్గమువారు ఒక చిన్న పనికి పూనుకొనిన బాగుండును. చుట్టుప్రక్కల పేటలలో ఏ మందిరమునందు ఏ పాత పుస్తకము లున్నవో అయ్యగార్లను, సంఘ పెద్దలను మర్యాదతో అడిగి ఒక పట్టిక వ్రాయవలెను. పుస్తకములను వారి యొద్దనే ఉంచి, నకలు మాత్రము తీసికొని గ్రంథాలయమున భద్రపఱుపవచ్చును. ఫోటోలు తీయుటకు ఇప్పుడు పెద్ద ఖర్చు లేదు. మసీదు, మఠము, దేవాలయము, రైతుసంఘము, చేనేత సంఘము మొదలగు వాటి పుస్తకములను గూడ ఇదే విధముగా సేకరింపవచ్చును. చదువుకొన్న యువకులు ఇద్దరు ముగ్గురు ఆదివారపు మధ్యాహ్నములు కేటాయించినచో ఏడాదిలో పని ముగియును.

వృద్ధుల మాటలను కూడ వ్రాసికొనవలెను. తాటాకు మందిరమున దిద్దిన మొదటి అక్షరము, గాలివానలో ఎగిరిపోయిన కప్పు, రాత్రిబడి లాంతరు వెలుగు జ్ఞాపకమున్నవారు ప్రతి పేటలోను ఒకరిద్దరు మిగిలియున్నారు. వారు చెప్పునది తేదీలతో సరిపోలకపోవచ్చును. అయినను వ్రాసికొనవలెను. తేదీలను పుస్తకములతో పోల్చి సరిచేసికొనవచ్చును గాని, పోయిన మనిషిని మరల కూర్చుండబెట్టి అడుగలేము.

తామస్ గాబ్రియేలు వంటివారు ప్రతి పల్లెలోను ఒకరు ఉండియుందురు. వారి పేర్లు ఆ పెట్టెలలో ఉన్నవి. ముందుగా ఏ పేటకు పోవలెనో కార్యవర్గమువారు నేటి సభలోనే నిశ్చయింతురు గాక.